ఐదు బల్బుల ప్రిన్స్

క్యారమ్ బోర్డు మీద చల్లే తెల్ల పొడి తెలుసు కదా. అదే బోరిక్ పౌడర్. కాయిన్లు జారడానికి తప్ప దానితో మనకి పెద్దగా పని పడదు. కానీ ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో ఒక లోయ మొత్తం తరాల పాటు ఆ పొడి మీదే బతికింది. తర్వాత అమెరికా సరుకు మార్కెట్లోకి దిగింది, ధర పడిపోయింది. అలాంటి టైమ్‌లో ఆ కంపెనీ పగ్గాలు పట్టుకున్న ఓ అల్లుడుగారు, భూమిలోంచి తన్నుకొచ్చే ఆవిరితో ఐదు బల్బులు వెలిగించి చూపించారు. 1904 జులై 4న జరిగిందా పని. ఇప్పుడు మీ సిలబస్‌లో జియోథర్మల్ పవర్ అని కనిపించే భూతాప విద్యుత్తు కథ అక్కడ మొదలైంది. ఆయన పేరు పియెరో జినోరి కోంతి.

నరసరావుపేటలోనో మాచర్లలోనో డిగ్రీ, బీటెక్ చదివే కుర్రాళ్లకి ఈ ఇటలీ జమీందారుతో ఏం పని అని అడగొచ్చు. ఫైనలియర్‌లో ప్రాజెక్ట్ ఎక్స్‌పో ఉంటుంది. ఉద్యోగం వచ్చాక కంపెనీ ఏదో ఒక ట్రేడ్ ఫెయిర్‌కి పంపి స్టాల్ దగ్గర నిలబెడుతుంది. కళ్లకి కనపడని సరుకుని, అప్పుడే వచ్చి రెండు నిమిషాల్లో వెళ్లిపోయే మనిషికి నమ్మకం కలిగేలా చూపించాలి. చాలామంది ఫ్రెషర్లు తడబడేది ఇక్కడే. జినోరి కోంతి జీవితంలో చాలా భాగం సరిగ్గా ఈ పని మీదే నడిచింది.

బట్టీ లెక్క

కథ ఆయనకి ముందు తరాల్లో మొదలవుతుంది. టస్కనీలో మోంతెచెర్బోలి అనే ఊరి చుట్టూ నేల పగుళ్లలోంచి ఆవిరి బుసలు కొడుతుంటుంది. గుంటల్లో బురద నీళ్లు కుతకుతా ఉడుకుతుంటాయి. కుళ్లిన కోడిగుడ్ల వాసన. మధ్యయుగాల్లో జనం ఆ చోటంటే భయపడేవాళ్లు. 1777లో టస్కనీ పాలకుడి ఔషధశాలలో పనిచేసే హోఫర్ అనే ఆయన ఆ నీళ్లలో బోరిక్ ఆసిడ్ ఉందని కనిపెట్టారు. దాన్ని వ్యాపారంగా నిలబెట్టింది మాత్రం ఫ్రాన్స్ నుంచి వచ్చి లివోర్నో రేవులో స్థిరపడిన వర్తకుడు ఫ్రాన్సువా దె లార్డెరెల్. 1818లో భాగస్వాములతో కలిసి కంపెనీ పెట్టారు.

పని సింపుల్‌గానే ఉండేది. గుంటల నీళ్లు తెచ్చి పెద్ద పాత్రల్లో మరిగిస్తే నీళ్లు పోయి పొడి మిగులుతుంది. చిక్కంతా మరిగించడానికి కావాల్సిన కట్టెల దగ్గరే. పిడుగురాళ్లలో సున్నం బట్టీ నడిపే ఇంటి పిల్లలకి ఈ లెక్క విడమర్చి చెప్పక్కర్లేదు. రాయి చవకే, దాన్ని కాల్చే ఇంధనమే లాభాన్ని మింగేస్తుంది. లార్డెరెల్‌కీ అదే జరిగింది. చుట్టుపక్కల అడవి తరిగిపోతోంది, కట్టెల ఖర్చు పెరుగుతోంది. 1827లో ఆయన ఉడికే గుంటల మీద ఇటుకలతో గుమ్మటంలా కప్పు కట్టించి, లోపల పోగైన ఆవిరినే పాత్రల కిందకి మళ్లించారు. కట్టెల అవసరం తప్పిపోయింది. భూమి వేడితో ఫ్యాక్టరీ నడపడం అన్నమాట. 1837లో పాలకుడు ఆయనకి కౌంట్ బిరుదిచ్చారు. 1846లో కార్మికుల కోసం కట్టిన ఊరికి ఆయన పేరు మీదే లార్డరెల్లో అని పెట్టారు.

ఇక్కడ ఒక విషయం దగ్గర కాసేపు ఆగాలి. 1851లో లండన్‌లో ప్రపంచ ప్రసిద్ధమైన మహా ప్రదర్శన జరిగింది, క్రిస్టల్ ప్యాలెస్ అనే అద్దాల భవనంలో. లార్డెరెల్ తన బోరిక్ ఆసిడ్‌ని అక్కడికి పంపారు. అత్యున్నత బహుమతి అయిన కౌన్సిల్ మెడల్ దక్కింది. తెల్లటి పొడికి ఆ గౌరవం ఎందుకు? చూడ్డానికి అందులో ఏముంది? కానీ ఆ పొడిని ఎక్కువగా కొనేది ఇంగ్లండ్‌లోని పింగాణీ కంపెనీలే. కప్పులు, పళ్లేల మీద మెరుపు పూత వేయడానికి వాళ్లకది కావాలి. అంటే సరుకు సరిగ్గా కొనేవాళ్ల ముంగిట్లోకే వెళ్లింది. ఫెయిర్ ఎంత పెద్దది, ఎంతమంది జనం వస్తారు అనే లెక్కలు వేసుకుంటాం గానీ, మన వస్తువుకి బిల్లు కట్టే మనిషి అక్కడికి వస్తాడా లేదా అనే ప్రశ్న ముందు వేసుకోం.

అల్లుడి రాక

పియెరో జినోరి కోంతి 1865 జూన్ 3న ఫ్లోరెన్స్‌లో పుట్టారు. పుట్టుకతోనే గొప్పింటి బిడ్డ, పేరు ముందు ప్రిన్స్ అనే బిరుదు. జినోరి వంశానికి 1735 నుంచి పింగాణీ ఫ్యాక్టరీ ఉన్న చరిత్ర. పాత పుస్తకాలు, రాతప్రతులు సేకరించడం ఆయనకి పిచ్చి. 1894లో లార్డెరెల్ వంశపు అమ్మాయి అడ్రియానాని పెళ్లి చేసుకున్నారు. అలా బోరిక్ ఆసిడ్ కంపెనీతో బంధం కలిసింది. 1900లో పార్లమెంటుకి ఎన్నికయ్యారు, 1919లో సెనేటర్ అయ్యారు.

ఉన్నమాట చెప్పుకోవాలి. మనలో ఎవరికీ మామగారి తరఫున ఆవిరి లోయ రాదు. డబ్బు, పలుకుబడి, సొంత బావులు, జీతమిచ్చి పెట్టుకున్న ఇంజినీర్లు, మెకానిక్కులు, ఇవన్నీ ఆయనకి చేతిలోనే ఉన్నాయి. ఆయనొక్కరే స్పానర్ పట్టుకుని బల్బులు వెలిగించారని అనుకుంటే తప్పు. అయితే అవే ఆవిరి గుంటలు అప్పటికి ఎనభై ఏళ్లకి పైగా ఆ కుటుంబం చేతిలో ఉన్నాయి. డైనమో వచ్చి కూడా చాలా ఏళ్లయింది. ఆ రెండిటినీ కలిపి, నలుగురికీ కనపడేలా నిలబెట్టింది మాత్రం ఈయన హయాంలోనే.

తొందర కూడా ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో భారీ బోరాక్స్ గనులు బయటపడ్డాయి. యూరప్ మార్కెట్ మీద టస్కనీకి ఉన్న పట్టు సడలింది. ఆవిరికి ఇంకో పని దొరక్కపోతే లోయలోని ఫ్యాక్టరీలకి, వాటి మీద ఆధారపడ్డ కార్మిక కుటుంబాలకి గడ్డుకాలమే.

ఆ రోజు ఏం చూపించారు?

1904 జులై 4న లార్డరెల్లోలో పెట్టిన యంత్రం నిజానికి చాలా చిన్నది. ఒక పిస్టన్ ఆవిరి ఇంజన్, దానికి తగిలించిన డైనమో, ఐదు బల్బులు. ఆ యంత్రం పక్కన ప్రిన్స్ నిలబడి ఉన్న ఫొటో జియోథర్మల్ పుస్తకాల్లో, ప్రెజెంటేషన్లలో ఇప్పటికీ తరచూ కనిపిస్తుంది. ఒకసారి వెతికి చూడండి.

ఎందుకు ఐదు బల్బులే? ఆవిరి బలం చూపించాలంటే వేరే మార్గాలు చాలా ఉన్నాయి. బావి మూత తీస్తే చాలు, చెవులు చిల్లులు పడేలా మోత మోగుతూ ఆవిరి ఆకాశానికి లేస్తుంది. చూసినవాళ్లు నోరెళ్లబెడతారు. కానీ ఆ ఆవిరిని ఆ లోయ జనం తాతల కాలం నుంచి చూస్తూనే ఉన్నారు. వాళ్లు చూడనిది ఆవిరి ఇంకో రూపంలోకి మారడం. బల్బు వెలిగిందా లేదా అనేది చదువు రానివాడికీ తెలుస్తుంది, బ్యాంకు మేనేజర్‌కీ తెలుస్తుంది. వివరణ అక్కర్లేదు.

ఇది మామూలు జనం సంగతి. నిపుణుడికి బల్బు సరిపోదు. భూమిలోంచి వచ్చే ఆవిరి శుభ్రమైంది కాదు. అందులో కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, బోరిక్ ఆసిడ్ కలిసి ఉంటాయి. నేరుగా ఇంజన్‌లోకి పంపితే ఇనుము తినేస్తాయి. కాబట్టి ఏ మెకానికల్ ఇంజినీర్ వచ్చినా మొదట అడిగేది, ఈ ఇంజన్ ఎన్నాళ్లు బతుకుతుంది అనే. జినోరి కోంతి బృందం ఆ ప్రశ్నకి జవాబు యంత్రంలోనే పెట్టింది. బావి ఆవిరిని ఒక చిన్న హీట్ ఎక్స్‌ఛేంజర్‌లోకి పంపి, దాని వేడితో మంచి నీళ్లని మరిగించి, ఆ శుభ్రమైన ఆవిరితో ఇంజన్ నడిపారు. కొంత వేడి వృథా అవుతుంది, అది నిజమే. కానీ ఇంజన్ పాడవదు.

ఇప్పుడు దీన్ని మన కాలానికి తెచ్చుకుందాం. జర్మనీలోని ఆఫెన్‌బర్గ్‌లో ఏటా జియోథర్మ్ అనే ట్రేడ్ ఫెయిర్ జరుగుతుంది. పూర్తిగా భూతాప రంగానికే పరిమితం. వరల్డ్ జియోథర్మల్ కాంగ్రెస్ అని ఇంకోటి ఉంది, అది దేశదేశాలు తిరుగుతుంది. దాని మొదటి సభలు 1995లో జినోరి కోంతి పుట్టిన ఫ్లోరెన్స్‌లోనే జరిగాయి. ఇలాంటి చోట్లకి వచ్చేది డ్రిల్లింగ్ కాంట్రాక్టర్లు, జియాలజిస్టులు, పవర్ ప్లాంట్ల వాళ్లు, పంపులూ వాల్వులూ తయారుచేసేవాళ్లు, అప్పులిచ్చే బ్యాంకుల వాళ్లు. వాళ్ల ముందు భూమి లోపల వేడి ఉంటుంది అని రంగుల పోస్టర్ పెడితే, రైస్ మిల్లు ఓనర్‌కి వడ్లంటే ఏమిటో చెప్పినట్టుంటుంది. వాళ్లకి కావాల్సింది ఉష్ణోగ్రత ఎంత, నీళ్లు గంటకి ఎంత వస్తాయి, పైపుల్లో గార ఎంత పేరుకుంటుంది, యంత్రం ఏడాదిలో ఎన్నాళ్లు ఆగుతుంది, ఇవే.

హీట్ ఎక్స్‌ఛేంజర్ అనేది బయటికి ఒక ఇనప డబ్బా. స్టాల్‌లో అలాగే పెడితే ఎవరూ ఆగరు. దాన్ని అడ్డంగా కోసి లోపలి ప్లేట్లు కనపడేలా పెట్టాలి. వేడి నీళ్లు వెళ్లే దారికి ఒక థర్మామీటర్, బయటికొచ్చే దారికి ఇంకొకటి బిగిస్తే, మధ్యలో తేడా ఎంతో వచ్చినవాడు తనే చదువుకుంటాడు. గార పట్టిన పాత పైపు ముక్క ఒకటి, మీ పద్ధతి వాడిన పైపు ముక్క ఒకటి పక్కపక్కన పెట్టి చేత్తో పట్టుకోనిస్తే పది స్లైడ్ల పని అయిపోతుంది. పెద్ద టీవీ పెట్టి తిరిగిందే తిరిగే వీడియో వేసే స్టాళ్లు ఎన్నో ఉంటాయి. దాని ముందు ఎక్కువగా నిలబడేది కాళ్లు నొప్పెట్టినవాళ్లే అని నా అనుమానం.

ఇరవై కిలోవాట్ల పోలిక

బల్బులు వెలిగించి ఫొటో దిగి ఆగిపోయి ఉంటే జినోరి కోంతి పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. మరుసటి ఏడాదే, 1905లో, 20 కిలోవాట్ల డైనమోతో ఇంకో యంత్రం పెట్టారు. అదీ హీట్ ఎక్స్‌ఛేంజర్ పద్ధతే. లార్డరెల్లోలోని ముఖ్యమైన ఫ్యాక్టరీలకి, పెద్ద ఇళ్లకి అదే కరెంటిచ్చింది, సుమారు పదేళ్లు నడిచింది. 1908లో అలాంటిదే ఇంకోటి చేరింది. అంటే తన మొదటి కస్టమర్ తనే. వేరేవాళ్లకి అమ్మే ముందు తన ఫ్యాక్టరీలో, తన ఊళ్లో వాడి చూపించారు. ఆ ఊరికి వెళ్లిన ప్రతి అతిథికీ అదే డెమో.

ఈ 20 కిలోవాట్ల అంకె మనకి దగ్గర్లోనే మళ్లీ కనిపిస్తుంది. తెలంగాణలో మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి సంస్థ బొగ్గు అన్వేషణ కోసం బోర్లు వేస్తుంటే వేడి నీళ్లు పైకి తన్నాయి. ఢిల్లీలోని శ్రీరామ్ ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి ఆ నీళ్లతో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రం పెట్టారు. అక్కడి నీళ్లకి టస్కనీ ఆవిరంత వేడి లేదు. అందుకే ఆ వేడితో, తక్కువ ఉష్ణోగ్రతకే మరిగే ఇంకో ద్రవాన్ని ఆవిరి చేసి టర్బైన్ తిప్పుతారు. భూమి నీళ్లు ఒక దారిలో, టర్బైన్ నడిపే ద్రవం ఇంకో దారిలో. 1904 నాటి ఆలోచనకి ఇది దగ్గరి చుట్టమే.

పల్నాడు నేల కింద సున్నపురాయి ఉంది గానీ ఆవిరి గుంటలు లేవు. ఆ మాట దాచక్కర్లేదు. ఉద్యోగం కోసం వేడి నీళ్లు మన ఊళ్లోనే ఉండాలన్న రూలూ లేదు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 2022లో తెచ్చిన భూతాప అట్లాస్‌లో దేశం మొత్తమ్మీద 381 వేడి చోట్లని నమోదు చేసింది. లద్దాఖ్‌లోని పుగాలో ఓఎన్‌జీసీ బోర్లు వేస్తోంది. 2025లో కేంద్ర ప్రభుత్వం భూతాప ఇంధనానికి జాతీయ విధానం ప్రకటించింది. డ్రిల్లింగ్, జియాలజీ, మెకానికల్, కెమికల్, ఎలక్ట్రికల్, ఏ బ్రాంచి వాళ్లకైనా ఇందులో చోటుంది. అయితే ఇది ఇంకా చిన్న రంగం, వేల పోస్టుల నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తే రాదు. ఇలాంటి రంగాల్లో ఫెయిర్‌లే అసలు ఇంటర్వ్యూ హాళ్లు. స్టాల్ పెట్టే స్థోమత లేకపోయినా విజిటర్‌గా వెళ్లి, ఎదుటివాడి పైపు గురించి ఒక్క సరైన ప్రశ్న అడిగితే రెజ్యూమె ఇచ్చే అవకాశం అదే వస్తుంది.

స్టాల్ దగ్గర నిలబడే ఛాన్సే వస్తే మాత్రం కుర్చీలో కూర్చుని ఫోన్ చూడొద్దు. ఫెయిర్‌కి రెండు మూడు వారాల ముందే, ఎవర్ని కలవాలో వాళ్లకి మెయిల్ పెట్టి టైమ్ తీసుకోవాలి. వచ్చినవాళ్ల కార్డు తీసుకోగానే దాని వెనక వాళ్లు అడిగిన ప్రశ్న రాసి పెట్టుకోండి. సాయంత్రానికి యాభై కార్డులు పోగైతే ఎవరిది ఏ బావో, ఎవరికి ఏ పంపు కావాలో గుర్తుండదు. వారం లోపు ఆ ప్రశ్నకే జవాబు పంపాలి, అందరికీ ఒకటే బ్రోషర్ కాదు. తెలియని లెక్క అడిగితే, కనుక్కుని పంపుతానని రాసుకోవడమే మేలు. నిపుణుల ఫెయిర్‌లో గాలి మాటలు భోజనాల టైమ్‌కల్లా హాలంతా పాకిపోతాయి.

జినోరి కోంతి దగ్గర నచ్చేది ఈ లెక్క విషయమే. ఐదు బల్బులు వెలిగిస్తే ఐదు బల్బులే. తర్వాతి మెట్టు 20 కిలోవాట్లు. ఆ తర్వాత 1913లో 250 కిలోవాట్ల టర్బైన్‌తో లార్డరెల్లో 1 అనే కేంద్రం మొదలైంది. ప్రపంచంలో వాణిజ్యపరంగా నడిచిన తొలి భూతాప విద్యుత్ కేంద్రం అది. కెమికల్ ఫ్యాక్టరీలతో పాటు వోల్తెర్రా, పొమరాన్సె లాంటి చుట్టుపక్కల ఊళ్లకీ కరెంటు వెళ్లింది. ఒకదాన్ని నడిపి చూపించి, ఆ నమ్మకం మీదే తర్వాతిది కట్టారు. ఈలోగా, 1912లో, లోయలో విడివిడిగా ఉన్న బోరిక్ కంపెనీలన్నిటినీ ఒకే సంస్థ కిందకి తెచ్చారు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఇటలీకి బొగ్గు కష్టాలు మొదలయ్యాయి. ఆ దేశానికి సొంత బొగ్గు తక్కువ, బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే. అప్పటిదాకా జమీందారు సరదాలా కనిపించిన ఆవిరి కరెంటు విలువ ఒక్కసారిగా పెరిగింది. 1930 నాటికి అక్కడి సామర్థ్యం 12 మెగావాట్లు దాటింది. ఆ సరికి కొన్ని యంత్రాల్లో భూమి ఆవిరిని నేరుగా టర్బైన్‌కి పంపడం కూడా మొదలైంది. తుప్పు సమస్యకి మెల్లగా వేరే దారులు దొరికాయి. వేడి వృథా తగ్గింది.

చివరి ఏడాది

1939లో ఇటలీ రైల్వే శాఖ లార్డరెల్లో విద్యుత్తుని తన చేతుల్లోకి తీసుకుంది, కరెంటు రైళ్ల కోసం. ఆ డిసెంబరు 3న జినోరి కోంతి ఫ్లోరెన్స్‌లో కన్నుమూశారు. 74 ఏళ్లు.

ఐదేళ్లు తిరక్కుండానే, 1944లో, వెనక్కి తగ్గుతున్న జర్మన్ సైన్యం ఆ కేంద్రాల్ని పేల్చేసింది. అదే ఏడాది ఇటలీలో యుద్ధం చేస్తున్న న్యూజిలాండ్ సైన్యపు ఇంజినీర్లు అక్కడికి వెళ్లారు. వాళ్ల దేశంలోనూ వేడి నీటి బుగ్గలున్నాయి, లార్డరెల్లో ఎలా పనిచేస్తుందో చూసి రమ్మని ఇంటి నుంచి కబురొచ్చింది. వాళ్లకి కనిపించింది శిథిలాలే. అయినా చూడాల్సింది చూశారు. 1958లో న్యూజిలాండ్‌లోని వైరాకెయిలో భూతాప విద్యుత్ కేంద్రం మొదలైంది.

లార్డరెల్లోని మళ్లీ కట్టారు. ఇవాళ ఆ చుట్టుపక్కల 30కి పైగా కేంద్రాలు, 700 మెగావాట్లకి మించిన సామర్థ్యం. లార్డెరెల్ వంశపు పాత భవనంలో భూతాప మ్యూజియం ఉంది. వచ్చినవాళ్లకి పాత యంత్రాలన్నీ చూపించాక, గైడ్ బయటికి తీసుకెళ్లి ఒక బావి దగ్గర నిలబెడతాడు. ప్రదర్శన కోసమే ఉంచిన బావి అది. చెవులు మూసుకోమని సైగ చేసి, వాల్వ్ తిప్పుతాడు.